ముందుగా తిన్న దానిమ్మ

నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా నేను దానిమ్మ పండు తినలేదు. దానిమ్మ గింజలు తిన్నాను. రెండింటికీ తేడా ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చిన్నప్పుడు అమ్మ, ఆ తర్వాత అక్క, పెళ్ళయ్యాక నా భార్య, ఎవరో ఒకరు నా ముందు ఒక గిన్నె పెట్టేవారు. అందులో గింజలుండేవి, పక్కన చెంచా ఉండేది. దానిమ్మ గిన్నెల్లోనే కాస్తుందని నమ్మేంత అమాయకుణ్ణి కాదు గానీ, నా ప్రవర్తన చూసినవాళ్ళకి అలాగే అనిపించి ఉంటుంది.

మా కృష్ణా జిల్లా ఇళ్ళలో ఆ పండుకి గౌరవం ఎక్కువ. నైవేద్యం పళ్ళెంలో అరటిపండు మెజారిటీ కొద్దీ ఉంటుంది, దానిమ్మ హోదా కొద్దీ ఉంటుంది. పెళ్ళి భోజనాల్లో పెరుగన్నం మీద ఓ పది గింజలు చల్లితే ఆ పెళ్ళివారు కలిగినవాళ్ళని అర్థం. పెళ్ళిచూపుల్లో పిల్ల పలువరసని పొగడాలంటే పెద్దవాళ్ళకి ఈ గింజలే గుర్తొచ్చేవి. కడుపు పాడైతే ఎండబెట్టిన తొక్క మరిగించి తాగించేవారు. అది తాగాక, మళ్ళీ తాగాల్సి వస్తుందన్న భయంతోనే కడుపు బాగుపడేది. వీటన్నిటికన్నా పెద్ద నమ్మకం, దానిమ్మ తింటే రక్తం పడుతుందని. ఎర్రగా ఉంది కనక రక్తం పడుతుంది. ఈ లెక్కన పోస్టు డబ్బాని నాకినా పడాలి. కానీ ఈ వాదన మా అమ్మ దగ్గర చెల్లలేదు, మిగతా ఎవరి దగ్గరా చెల్లదని ఆ తర్వాత తెలిసింది.

పదిహేనేళ్ళుగా నేను అమీర్‌పేట మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతున్నాను. ఎవరో కష్టపడి తయారుచేసిన దాంట్లో తప్పులు ఎలా పట్టుకోవాలో పిల్లలకి నేర్పడం నా వృత్తి. ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటిరోజు నేను చెప్పే వాక్యం ఒకటుంది: “ఎవరేం చెప్పినా నమ్మద్దు, మీరే పరీక్షించి చూడండి.” దాని వెంటనే చెప్పే జోకు కూడా ఒకటుంది. మెడలో వేలాడే ఐడీ కార్డు ఎత్తి చూపించి, “నాది ఓ నెగెటివ్. అరుదైన సరుకు. నన్ను జాగ్రత్తగా చూసుకోండి, రేపు మీకే అవసరం పడచ్చు” అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. ఫీజు కట్టినవాళ్ళు మొదటిరోజు దేనికైనా నవ్వుతారు.

ఈ ఓ నెగెటివ్ నాకెలా వచ్చిందో చెప్పాలి. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు హాస్టల్ ఫారంలో రక్తం గ్రూపు అని ఒక గడి ఉంది. నాకు తెలియదు. లైన్లో ముందు నిలబడ్డ కుర్రాడు ఓ నెగెటివ్ అని రాశాడు. ఎంట్రన్సు పరీక్షలో కూడా అతనే నా ముందు బెంచీ. అప్పుడు అతని పేపరు చూసి రాస్తే సీటొచ్చింది కనక, ఇప్పుడు అనుమానించడానికి కారణం కనపడలేదు. ఆ ఫారం నుంచి లైబ్రరీ కార్డుకీ, దాన్నుంచి డ్రైవింగ్ లైసెన్సుకీ, దాన్నుంచి కోచింగ్ సెంటర్ ఐడీకీ ఆ రెండు ముక్కలు అలాగే దిగుతూ వచ్చాయి. ఇన్ని కార్డుల మీద ఉన్నది అబద్ధమయ్యే అవకాశం లేదు గదా అని నేనూ నమ్మేశాను. మధ్యలో రెండుసార్లు ఎవరో రక్తం కోసం ఫోన్ చేశారు. రెండుసార్లూ నేను ఊళ్ళో లేను. ఒకసారి నిజంగానే లేను.

మా బిల్డింగులో మెట్ల కింద జిరాక్స్ షాపు ఉంది. దాన్ని నడిపే అతనిది మెదక్ వైపు. నా వయసే ఉంటుంది. పదిహేనేళ్ళుగా మా మెటీరియల్ మొత్తం అతని మెషీన్లోంచే వచ్చింది. నేను చెప్పే చదువులో అక్షరదోషాలు నాకన్నా అతనికే బాగా తెలుసు. గట్టిగా మాట్లాడడు, బేరం ఆడడు, పిల్లల దగ్గర చిల్లర లేకపోతే “రేపియ్యి తమ్మీ” అంటాడు. పోయిన వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం అతను మెట్లెక్కి స్టాఫ్ రూంకి వచ్చాడు. పదిహేనేళ్ళలో అతను పైకి రావడం అదే మొదలు.

“సార్, జర మాట్లాడాలె.”

“ఏంటండీ, మళ్ళీ మెషీన్ మొరాయించిందా?”

“మెషీన్ మంచిగనే ఉన్నది సార్. మా ఇంటామెకు బాగలేదు. గర్భసంచిల గడ్డ. ఎల్లుండి పొద్దుగాల పంజగుట్ట దవాఖాన్ల ఆపరేషన్. రక్తం మస్తు తక్కువున్నది అంటుండ్రు. రెండు ప్యాకెట్లు చేతిల ఉంటేనే లోపటికి తీస్కపోతరంట. ఒకటి దొరికింది. ఇంకోటి లేకుంటే తారీకు పది దినాలు ముందుకు పోతదంట సార్. అన్ని దినాలు ఆగేతట్టు లేదు ఆమె. నడుస్తనే కండ్లు తిరుగుతున్నయ్.”

“అయ్యో. నేనేం చెయ్యగలను చెప్పండి?”

అతను నా మెడలోని కార్డు వైపు చూశాడు. “గా కార్డు లామినేషన్ చేసింది నేనే గద సార్. ఓ నెగెటివ్. యాదికున్నది. ఆమెది సుత గదే.”

నా మీద ఉన్న అక్షరాల్ని అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. గొప్పగా అనిపించింది, అది దాచను. “రేపే వస్తాను, ఇదెంత పని” అన్నాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులకి మెషీన్ పొడి నల్లగా అంటుకుని ఉంది. నేను చొక్కా చూసుకున్నాను. ఇది కూడా చెప్పాల్సిందే.

మర్నాడు పదిన్నరకి ఆసుపత్రి గేటు దగ్గర అతను గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. ఆ గేటు ముందు పండ్ల బండ్లుంటాయి. పంజగుట్టలో ఆ కాసింత రోడ్డు మీద అమ్మినన్ని దానిమ్మలు ఏ పెళ్ళిలోనూ ఖర్చు కావు. ప్రతి బండి మీదా గోపురం కట్టినట్టు పేర్చి, అన్నిటికన్నా పైన ఒక పండుని కోసి, రేకులు విప్పినట్టు తెరిచి పెడతారు. లోపలికి పోయే ప్రతివాడూ దాన్ని చూసి ఆగుతాడు. మనిషి మంచాన పడితే మనం డాక్టరుని సగం నమ్ముతాం, మిగతా సగం ఈ బండికి అప్పజెబుతాం.

రక్తం తీసే గది బయట బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. “మా అత్తమ్మ” అని పరిచయం చేసి, అతను పైనున్న వార్డులో సంతకాలున్నాయని పరుగెత్తాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఒళ్ళో న్యూస్‌పేపరు, పక్కన గుండ్రటి స్టీలు డబ్బా, సంచిలో నాలుగు దానిమ్మ పండ్లు.

“నువ్వేనా సారూ రక్తమిచ్చేది? సన్నగున్నవ్ గదయ్యా.”

“చూడ్డానికే అలా ఉంటానమ్మా.”

“ఇచ్చినంక కండ్లు తిరుగుతయ్. నువ్వు బయటికొచ్చేవరకు ఇవి ఒలిచి పెడ్త. మూడు నీకు, ఒకటి మా బిడ్డకు.”

“అయ్యో, ఆవిడకే పెట్టండమ్మా, నాకెందుకు?”

“నీ రక్తం పోతది గద, మల్ల పట్టొద్దా?” అని ఒక పండు తీసి పైనున్న కిరీటం వేలితో విరిచేసింది. “పండ్ల భాయ్ చెప్పిండు. ఒక్కో పండుల ఒక్క గింజ జన్నత్‌ల కెల్లొస్తదంట. జన్నత్ అంటే మన సొర్గమే.”

“ఏ గింజో ఎలా తెలుస్తుందమ్మా?”

“తెల్వదు. గందుకే ఒక్క గింజ సుత ఇడవొద్దన్నడు.”

ఇది నాకు చాలా నచ్చింది. రేపు క్లాసులో చెప్పాలనుకున్నాను. వెయ్యి గింజల్లో తప్పున్నది ఒకటే, అన్నీ చూస్తే గాని దొరకదు. నా వృత్తికి సరిపోయే ముక్క. ఆ ఉత్సాహంతోనే లోపలికి వెళ్ళాను.

లోపల ఫారం నింపాను. రక్తం గ్రూపు గడిలో చెయ్యి తనంతట తానే ఓ నెగెటివ్ అని రాసింది. బరువు చూశారు, బీపీ చూశారు. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి నా ఉంగరపు వేలు పొడిచి, గాజుపలక మీద మూడు చుక్కలు పెట్టి, వాటిలో ఏవో మందులు కలిపింది. పలకని అటూ ఇటూ ఊపింది. ఇంకో పలక తెచ్చి మళ్ళీ అదే పని చేసింది.

“సర్, మీరెప్పుడు టెస్ట్ చేయించుకున్నారు?”

“కాలేజీలో.”

“ల్యాబ్‌లోనా?”

“లైన్లో.”

ఆమె నవ్వలేదు. “మీది బీ పాజిటివ్ సర్.”

“ఇంకొకసారి చూస్తారా?”

“రెండుసార్లు చూశా సర్. చాలా మామూలు గ్రూపు. కంగారేం లేదు.”

మామూలు అనే మాట అంత బరువుంటుందని నాకు తెలియదు. ఓ నెగెటివ్ నిల్వ ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. ఫారం పక్కన పెట్టి, మర్యాదగానే అంది: “ఎలాగూ వచ్చారు కదా, ఇచ్చి వెళ్ళండి సర్. వేరే పేషెంటుకి పనికొస్తుంది.”

“క్లాసుందండీ” అన్నాను. క్లాసు రెండింటికి. అప్పుడు పదకొండున్నర. పంజగుట్ట నుంచి అమీర్‌పేటకి మెట్రోలో ఒక్క స్టేషను.

వేలికి దూది పెట్టి ఇచ్చింది. ఆ దూది పట్టుకుని తలుపు తీశాను.

చెప్పాల్సింది ఒకే వాక్యం. నాది ఆ గ్రూపు కాదటమ్మా, ఇంకొకర్ని వెతకండి. తలుపు దగ్గర్నుంచి బెంచీ దాకా పది అడుగులుంటాయి, ఆ పది అడుగుల్లో ఆ వాక్యాన్ని మూడు రకాలుగా తయారుచేశాను కూడా. కానీ నేను బెంచీ దగ్గరికి వచ్చేసరికే ఆవిడ దూదిని చూసింది, లేచింది, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. డబ్బా నా చేతిలో పెట్టింది. అంచుదాకా గింజలు. పైన నిగనిగా మెరుస్తున్నాయి. ఒక్కటి కూడా చితకలేదు, ఒక్కదానికీ తెల్ల పొర లేదు. నేను లోపల నా అరుదైన గుణం పోగొట్టుకుంటున్న నలభై నిమిషాల్లో ఆవిడ మూడు పండ్లు ఒలిచింది. బొటనవేళ్ళు రెండూ గోళ్ళ దాకా నల్లబడిపోయి ఉన్నాయి.

“నొప్పి వెట్టిందా కొడుకా?”

ఇందాక సారూ. ఇప్పుడు కొడుకా.

“లేదమ్మా.”

“తిను. తినుకుంట మాట్లాడు.”

తినుకుంట మాట్లాడ్డం కుదరలేదు. నోటినిండా గింజలున్నప్పుడు పెద్ద విషయాలు చెప్పలేం. ఒక గుప్పెడు అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి ఆవిడ తన బిడ్డ గురించి మొదలుపెట్టింది. బిడ్డకి చిన్నప్పట్నుంచీ రక్తం తక్కువేనట. అయినా ఇద్దరు పిల్లల్ని కని, షాపులో పొద్దంతా నిలబడేదట. ఈ ఆర్నెల్లుగా గోడ పట్టుకుని నడుస్తోందట. “రేపటితోని తీరిపోతది” అంటూ నా వేలి మీది దూదిని చూసి దండం పెట్టింది. నాక్కాదు, దూదికి. మనలో మొహమాటం అనే జబ్బొకటి ఉంది. దానికి ఏ పండూ లేదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని నిజం మింగేస్తాం, తర్వాత వాళ్ళు మునిగిపోతే గట్టున నిలబడి నొచ్చుకుంటాం. సగం డబ్బా తిన్నాను.

“క్లాసుందమ్మా, వెళ్ళాలి. అల్లుడుగారికి ఫోన్ చేసి మాట్లాడతాను.”

“మిగిలింది తీస్కపో. ఆఫీసుల తిను. ఒక్క గింజ ఇడవకు.” మూత పెట్టి, డబ్బా తనే నా సంచిలో దోపింది.

అల్లుడు పైన రెండో అంతస్తులో ఉన్నాడు. లిఫ్టు ఉంది. పని కూడా చేస్తోంది. నేను గేటు వైపు నడిచాను.

స్టాఫ్ రూంలో ఎవరూ లేరు. ఫోన్ తీశాను, పెట్టేశాను. మెసేజ్ రాశాను, కొట్టేశాను. వాక్యం సరిగ్గా కుదరలేదు. తర్వాత డబ్బా తీసి మిగతా సగం తిన్నాను. ఇక్కడ నాకు సాకు లేదు. ఎదురుగా ముసలావిడ లేదు, బలవంతం లేదు, నొచ్చుకునేవాళ్ళు లేరు. తియ్యగా ఉన్నాయి, తిన్నాను. ఆవిడ చెప్పినట్టే ఒక్క గింజ కూడా వదల్లేదు. ఆ రోజు చేసిన పనులన్నిట్లో నన్ను ఇప్పటికీ ఎక్కువ పట్టి పీడించేది ఇదే. బెంచీ మీద తిన్న సగానికి ఎంతోకొంత సంజాయిషీ చెప్పుకోగలను.

రెండింటికి క్లాసు మొదలైంది. రెండుంబావుకి ఫోన్ మోగింది. అతనే. క్లాసులో ఫోన్ ఎత్తకూడదని నేనే రూలు పెట్టాను. ఎత్తాను.

“సార్! అత్తమ్మ చెప్పింది సార్, ఇచ్చిండ్రంట గదా. మీరు దేవుడు సార్.”

“అది కాదండీ...”

“ఇనుండ్రి సార్. ఎందుకైన మంచిదని ఇంకొకాయనను సుత అడిగి పెట్టుకున్న. ఓ నెగెటివే. బస్సుల కండక్టరు. డ్యూటీ మాన్పించుకొని వస్తుండె పాపం, దిల్‌సుఖ్‌నగర్ దాక వచ్చిండు. మా సారు ఇచ్చిండన్నా, వానల నీకెందుకు తక్లీఫ్, డ్యూటీకి పో అని చెప్పిన.”

నా ముందు నలభైమంది పిల్లలు పెన్నులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. బోర్డు మీద నా చేతిరాతతోనే ఉంది: పరీక్షించకుండా ఏదీ ఒప్పుకోవద్దు.

“ఆయన్ని వెనక్కి పిలవండి” అన్నాను.

“ఎందుకు సార్?”

“నాది కాదట.”

“ఏది కాదట?”

“గ్రూపు. నాది బీ పాజిటివ్ అట. నేను... ఇవ్వలేదు.”

అవతల వార్డులో ఎవరో దగ్గుతున్నారు, ట్రాలీ చక్రం కిర్రుమంటోంది. తిడితే బాగుండు అనుకున్నాను. అతను తిట్టలేదు.

“మరి పొద్దుగాలనే చెప్తే అయిపోవు గద సార్” అన్నాడు. అంతే. పెట్టేశాడు.

పది నిమిషాలకి మళ్ళీ అతన్నుంచి మెసేజ్ వచ్చింది. కండక్టరు డ్యూటీ ఎక్కేశాడు, బస్సు నల్లగొండ రోడ్డు మీద ఉంది, రాత్రి తప్ప తిరిగిరాడు. రాత్రికి రక్తం బ్యాంకు వాళ్ళు తీసుకోరు.

నేను క్లాసు వైపు తిరిగాను. “ఈ క్లాసులో ఎవరిదైనా ఓ నెగెటివ్ ఉందా?”

ఒక్క క్షణం ఆగి అందరూ నవ్వారు. మొదటి వరసలోంచి ఒకడు అరిచాడు: “మీరే కద సార్!”

“నేను కాదు.”

“అరే, కార్డు మీద ఉంది సార్!”

“కార్డు మీద ఉన్నది నేను ముందువాడి ఫారం చూసి రాసింది. ఇవాళ పొద్దున టెస్ట్ చేస్తే తెలిసింది.”

మళ్ళీ నవ్వారు, జోకు అనుకున్నారు. నా మీద వాళ్ళకి అలాంటి అభిప్రాయం రావడానికి పదిహేనేళ్ళు కష్టపడింది నేనే. మెట్ల కింద జిరాక్స్ అన్న భార్యకి రేపు పొద్దున ఆపరేషనని, సాయంత్రంలోగా రక్తం దొరక్కపోతే ఆపేస్తారని, నా మాట నమ్మి అతను వస్తున్న మనిషిని వెనక్కి పంపేశాడని చెప్పాను. నవ్వు వెనక బెంచీల నుంచి ముందుకి ఒక్కొక్క వరసే ఆగిపోయింది. దానిమ్మ సంగతి చెప్పలేదు. అంత ధైర్యం లేదు.

మూడో వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. శ్రీకాకుళం పిల్ల, ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటుంది. “నాది ఓ నెగెటివ్ సార్.”

“నిజంగానేనా అమ్మా?”

“నాది టెస్ట్ చేయించిందే సార్.”

ఈసారి క్లాసు నవ్వినప్పుడు నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

నేనూ ఆ అమ్మాయీ ఆమె స్నేహితురాలూ మెట్రో ఎక్కాం. ఒక్క స్టేషనే. ఆ రోజు అది చాలా దూరంగా ఉంది. తెల్ల కోటు అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. విద్యార్థిని వేలు పొడిచి, పలక ఊపి, తలూపింది. ఓ నెగెటివే. అన్నం తిన్నావా అని అడిగి మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, “క్లాసు అయిపోయిందా సర్?” అంది.

నేను పక్క మంచం మీద పడుకున్నాను. దీన్ని ఎవరూ నా మంచితనం కింద వెయ్యద్దు. ఇరవైరెండేళ్ళ పిల్ల ఒక మంచం మీద చెయ్యి చాపి పడుకుంటే, ఆ గదిలో నేను నిలబడ్డానికి సరైన చోటు ఇంకేదీ కనపడలేదు. సూది పెద్ద నొప్పేం లేదు. ఇరవై ఏళ్ళుగా దేనికి ఊళ్ళో లేకుండా పోయానో అర్థం కాలేదు.

బయటికి వచ్చేసరికి పెద్దావిడ బెంచీ మీదే ఉంది. అల్లుడు విషయం చెప్పేశాడని ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది. అల్లుడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టాడు, అలవాటుగా. ఆవిడ నన్ను చూడలేదు. సంచిలోంచి నాలుగో పండు తీసింది. కూతురి కోసం ఉంచిన పండు. కిరీటం విరిచి, గీతల వెంట చీల్చి, పేపరు మీద గింజలు రాలుస్తూ మొదలుపెట్టింది. డబ్బా లేదు కనక, రాలిన గింజల్ని దోసిట్లోకి తీసుకుని అమ్మాయి చేతిలో పోసింది.

“తిను బిడ్డా. చల్లగుండు.”

ఆ అమ్మాయి, పెద్ద మనసున్న పిల్ల, “సార్ కూడా ఇచ్చారమ్మా, బీ పాజిటివ్” అని దోసిలి నా వైపు చాపింది.

ఆవిడ అప్పుడు తలెత్తింది. నా మోచేతి మడతలో అంటించిన పట్టీ చూసింది. కోపం లేదు మొహంలో. ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పింది:

“సారుది ముందుగాల్నే అయిపోయింది.”

మర్నాడు ఆపరేషన్ అయింది. గడ్డ తీశారు. రెండు ప్యాకెట్లూ ఎక్కించారట. ఈ సంగతి నాకు అతను చెప్పలేదు, ఆ శ్రీకాకుళం అమ్మాయి చెప్పింది. వాళ్ళు ఆమెకే ఫోన్ చేశారు. రెండు వారాలు షాపు మూసి ఉంది. పిల్లలు జిరాక్సులకి ఎదురు బిల్డింగుకి వెళ్ళేవారు. నేను రోజూ ఆ షట్టర్ ముందునుంచి మెట్లెక్కేవాణ్ణి. నా టేబుల్ సొరుగులో ఆ స్టీలు డబ్బా ఉంది. అడుగున ఎర్రటి రసం ఎండి, వలయంలా మిగిలింది. కడగాలనిపించేది కాదు.

చివరికి ఇంటికి తీసుకెళ్ళాను. శ్రీనగర్ కాలనీలో మా వంటింటి గట్టు మీద పెడితే నా భార్య చూసింది.

“ఏంటిది? ఎవరి డబ్బా?”

చెప్పాను. మొత్తం చెప్పాను, స్టాఫ్ రూంతో సహా. ఆవిడ డబ్బా తీసి కుళాయి కింద కడిగింది. తర్వాత, “డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు” అంది. ఇది మా ఇంట్లోనూ వాళ్ళింట్లోనూ ఒకే రూలు. అరువు తెచ్చిన గిన్నెలో కనీసం చిటికెడు పంచదారైనా వేసి పంపాలి. “పళ్ళు తెచ్చివ్వండి, ఒలిచి పెడతాను.”

“నేను ఒలుస్తాను.”

పెళ్ళయి పదిహేడేళ్ళయింది. ఆవిడ నన్ను అలా చూడ్డం అదే మొదలు.

మొదటి పండుని కత్తితో అడ్డంగా రెండు ముక్కలు చేశాను. రసం గోడ మీద, చొక్కా మీద, ఫ్రిజ్ మీద పడింది. ఆవిడ కత్తి లాక్కుని ఒక్కసారి చూపించింది: పైన మూత తియ్యాలి, లోపలి పొరలున్న చోటే పైనుంచి గీతలు పెట్టాలి, చేత్తో విరవాలి, తర్వాత కత్తితో పని లేదు, బొటనవేలితోనే. మూడు పండ్లకి నాకు రెండు గంటలు పట్టింది. ఆవిడ హాల్లో టీవీ చూస్తూ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. అందుకు థాంక్స్ చెప్పుకున్నాను. డబ్బా ముప్పాతిక నిండింది. మిగతాది గింజల రూపంలో లేదు. పడుకునే ముందు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా బొటనవేళ్ళ నలుపు పోలేదు.

మర్నాడు షాపు తెరిచి ఉంది. అతను మెషీన్ దగ్గర ఉన్నాడు. పక్కన స్టూలు మీద ఒకావిడ కూర్చుని కాగితాలు సర్దుతోంది. మనిషి పాలిపోయి ఉంది గానీ గోడ పట్టుకుని లేదు. నేను అతని భార్యని సరిగ్గా చూడ్డం అదే.

ముందు కార్డు తీసి ఇచ్చాను. “కొత్తది చెయ్యాలండీ. గ్రూపు మార్చాలి.”

అతను కంప్యూటర్లో ఫైలు తెరిచి, పాత గ్రూపు చెరిపేసి, బీ పాజిటివ్ అని కొట్టాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగాడు: “పుట్టిన తారీకు సుత గిట్లనే రాసిండ్రా సార్?”

నిజానికి అదీ అంతే. స్కూల్లో చేర్చినప్పుడు హెడ్మాస్టరు వేసిన తేదీ. “అదిప్పుడు మార్చలేమండీ” అన్నాను.

అతను నవ్వాడు. పూర్తిగా కాదు. ఆ రెండు వారాల్లో నాకు దొరికింది అంతవరకే, అంతకన్నా అడిగే హక్కు నాకు లేదు.

డబ్బా కౌంటర్ మీద పెట్టాను. ఏం చెప్పాలో ముందే మూడు రకాలుగా తయారుచేసుకుని వచ్చాను, ఒక్కటీ వాడలేదు. ఆవిడ మూత తీసింది. చితికినవి, పొరలంటుకున్నవి, సగం తెగినవి, మధ్యలో అక్కడక్కడ బాగున్నవి. ఆవిడ చూపు డబ్బా మీంచి నా బొటనవేళ్ళ మీదికి వెళ్ళింది. ఒక్కొక్క గింజా తీసుకుని నోట్లో వేసుకోవడం మొదలుపెట్టింది, తొందరేం లేనట్టు.

ఒక గింజ జారి నేల మీద, మెషీన్ పొడి పడే చోట పడింది. పోనిమ్మంటూ చెయ్యి ఊపాను. జిరాక్స్ అన్న వంగి దాన్ని తీశాడు. చొక్కా అంచుకి తుడిచి, ఊది, వెలుగుకి పట్టి చూశాడు.

“ఏ గింజనో తెల్వదు గద సార్” అని దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.